బండ మీది మంచు: వంటగ్యాసును వేరుచేయడానికి ఎంత ఇంధనం కాలుతోంది?

కర్ణాటకలోని బాగేపల్లి దగ్గరి పాతపాళ్యలో పెళ్లి వంట జరిగే చోట కాసేపు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. పెద్ద పొయ్యి మీద గుండిగలో అన్నం ఉడుకుతుంటుంది. పక్క పొయ్యి మీద సాంబారు మరుగుతుంటుంది. ఆపకుండా గంటల తరబడి మండించాక గ్యాసు బండ కింది సగానికి చెమట పడుతుంది. ఇంకాసేపటికి ఆ చెమటే గడ్డకట్టి తెల్లటి మంచు పొర అవుతుంది. మంట నీరసిస్తుంది. బండను కదిపితే లోపల ద్రవం కదులుతున్న చప్పుడు వినిపిస్తుంది, గ్యాసు మాత్రం పైకి రాదు. అప్పుడు వంటాయన వెడల్పాటి తొట్టెలో వేడినీళ్లు పోయించి బండను అందులో నిలబెడతాడు. మంట మళ్లీ లేస్తుంది. ఇది ప్రమాదకరమైన పని. రెండు మూడు బండల్ని ఒకే గొట్టానికి కలిపి వాడితే ఒక్కో బండ మీద భారం తగ్గి మంచే పట్టదు. అయినా వేడినీళ్ల తొట్టె ఇంకా చాలాచోట్ల కనిపిస్తూనే ఉంది.

బండలో ఉన్నది ద్రవం. పొయ్యికి కావలసింది ఆవిరి. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది తనలోంచి, బండ ఇనుములోంచి, చుట్టూ ఉన్న గాలిలోంచి లాక్కుంటుంది. గాలి ఇచ్చేదానికంటే ఎక్కువ లాగితే బండ చల్లబడుతుంది, చల్లబడితే లోపలి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడో ఒక ప్లాంటులో ఇదే పనిని తిరగేసి చేసి ఉంటారు. నేలలోంచి వచ్చిన గ్యాసును చల్లార్చి, అందులోని ప్రొపేన్, బ్యూటేన్‌లను ద్రవంగా మార్చి వేరుచేసి ఉంటారు. ఆ చలిని తయారు చేయడానికి ఇంధనం ఖర్చయింది. అది ఎంత, ఎక్కడ ఖర్చవుతోంది, ఎక్కడ తగ్గించవచ్చు అన్నది మన పత్రికల్లో చర్చకు వచ్చిన దాఖలా తక్కువ. బండ ధర పెరిగినప్పుడల్లా మాట్లాడుకుంటాం గానీ, బండ నిండడానికి కాలిన ఇంధనం సంగతి ఎత్తం. నాకు ఇది పెద్ద లోటుగా అనిపిస్తుంది.

నేలలోంచి వచ్చే సహజవాయువు ఒకే సరుకు కాదు. ఎక్కువ భాగం మీథేన్. దాని వెంట ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, పెంటేన్, ఇంకా బరువైనవి వస్తాయి. వాయుమండల ఒత్తిడిలో మీథేన్ సున్నాకు 161 డిగ్రీల దిగువకు పోతేగాని ద్రవం కాదు. ఈథేన్‌కు 89 డిగ్రీల దిగువ, ప్రొపేన్‌కు 42 డిగ్రీల దిగువ చాలు. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది. పెంటేన్ మన ఇంట్లోనే ద్రవంగా ఉంటుంది. మీథేన్‌ను వదిలి తక్కిన వాటిని ద్రవాలుగా పట్టుకునే పనినే సహజవాయు ద్రవాల శుద్ధి అంటారు. మన వంటగ్యాసు ఆ కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములు, ప్రొపేనూ బ్యూటేనూ.

భారతదేశం ఏటా దాదాపు 3 కోట్ల టన్నుల వంటగ్యాసు వాడుతోంది. అందులో సుమారు 60 శాతం దిగుమతి. దేశంలో తయారయ్యేదాంట్లో ఎక్కువ భాగం ముడిచమురు శుద్ధి కర్మాగారాల్లోంచి వస్తుంది, కొంత గ్యాసు ప్లాంట్లలోంచి. దిగుమతుల్లో అధికభాగం ఖతార్, ఎమిరేట్స్, కువైట్, సౌదీల నుంచి వస్తుంది. ఆ దేశాల్లో అది ప్రధానంగా గ్యాసు ప్లాంట్లలో వేరుచేసిన సరుకే. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి మనుషులు బతుకు వెతుక్కుంటూ కువైట్‌కు వెళ్తారు. కువైట్ గ్యాసేమో మన ఊళ్ల పొయ్యిలకు వస్తుంది. 2025 నవంబరులో ప్రభుత్వరంగ చమురు సంస్థలు అమెరికా గల్ఫ్ తీరం నుంచి 2026 సంవత్సరానికి సుమారు 22 లక్షల టన్నులు కొనడానికి ఒప్పందం చేసుకున్నాయి. దానికి ధర కొలమానం టెక్సాస్‌లోని మాంట్ బెల్వ్యూ. నేల అడుగున ఉన్న ఉప్పు గుట్టల్లో గుహలు తొలిచి ఈ ద్రవాలను నిలవచేసే ఊరది. హ్యూస్టన్ తెలుగువాళ్లకు గంట ప్రయాణం లోపలే. అందుకే పాతపాళ్య బండ లెక్క పాతపాళ్యతోనో, కాకినాడతోనో ఆగదు.

చలి ఖరీదు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. ఒక చిన్న లెక్క వేద్దాం. గ్యాసులో ప్రతి ఇరవై పాళ్లకు ఒక పాలు ప్రొపేన్ ఉందనుకుందాం. ఆ ఒక్క పాలును ద్రవం చేయడానికి దానిలోంచి లాగవలసిన వేడి, అది పొయ్యిలో ఇచ్చే వేడిలో నూరోవంతు కూడా ఉండదు. అది చిన్న సంగతే. చిక్కేమిటంటే ఆ ఒక్క పాలును పట్టుకోవడానికి తక్కిన పందొమ్మిది పాళ్లనూ దానితోపాటు చల్లార్చాలి. మామూలు వేడి నుంచి సున్నాకు 60 డిగ్రీల దిగువకు దించాలంటే, ప్రొపేన్‌ను ద్రవం చేయడానికి తీయవలసిన వేడికి మూడింతలకు పైగా ఆ పందొమ్మిది పాళ్లలోంచి తీయాలి. వాటిని చల్లార్చి మనం ఉంచుకోం, మళ్లీ గొట్టంలోకి పంపేస్తాం. కాబట్టి బయటికి పోయే చల్లని గ్యాసు, లోపలికి వచ్చే వేడి గ్యాసుకు తన చలిని అప్పగించి పోవాలి. అప్పగించకుండా పోతే చేసిన చలంతా గొట్టం పాలు. ఈ రంగంలో ఇంధనం ఆదా అన్న మాటకు మొదటి అర్థం ఇదే: ఒకసారి చేసిన చలిని రెండోసారి చేయకపోవడం.

ఆ అప్పగింత జరిగే చోటును ఉష్ణమార్పిడి పెట్టె అనవచ్చు. అల్యూమినియం పలకల్ని పొరలుపొరలుగా అతికి, ఒక్కో పొరలో ఒక్కో ప్రవాహం పోయేలా కడతారు. లోపలికి వచ్చే గ్యాసుకూ బయటికి పోయే గ్యాసుకూ మధ్య వేడి తేడా రెండు మూడు డిగ్రీలకు దిగేదాకా ఇవి పనిచేయగలవు. ఆ తేడా పది డిగ్రీలకు పెరిగిందంటే ఎక్కడో పొర పూడిపోయింది, లేదా మంచు పట్టింది, లేదా ప్రవాహం సమంగా పంచుకోవడం లేదు. మంచి ప్లాంటు మేనేజరు రోజూ పొద్దున చూడవలసిన మొదటి అంకె ఇదేనని నా అభిప్రాయం. ఈ పెట్టెకు పాదరసం పరమ శత్రువు. గ్యాసులో అణుమాత్రం పాదరసం ఉన్నా అది అల్యూమినియాన్ని తినేస్తుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్డా ద్రవీకరణ కేంద్రంలో ఈ కారణంగానే ఉష్ణమార్పిడి పరికరం విఫలమైంది. అప్పటినుంచి పాదరసాన్ని పట్టే గదిని ముందుగానే కట్టడం రివాజైంది.

చలి ఎంత లోతైతే అంత ఖరీదు. ఇది ప్రకృతి నియమం, ఏ ఇంజినీరూ దాటలేడు. బయట 40 డిగ్రీల ఎండ ఉందనుకోండి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న వస్తువులోంచి 100 యూనిట్ల వేడిని తోడి ఆ ఎండలోకి పారేయాలంటే, ఏ లోపమూ లేని యంత్రానికి సైతం సుమారు 15 యూనిట్ల శ్రమ కావాలి. సున్నాకు 40 డిగ్రీల దిగువన అదే పనికి 34 యూనిట్లు. 90 డిగ్రీల దిగువన 71. నిజమైన యంత్రాలకు ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. అంటే ప్రొపేన్ కోసం దిగే లోతుకూ ఈథేన్ కోసం దిగే లోతుకూ మధ్య ఖర్చు రెట్టింపు అవుతుంది. ఈథేన్ కొనేవాడు పక్కనే ఉంటే ఆ లోతుకు దిగడం న్యాయం. లేకపోతే ఈథేన్‌ను గ్యాసులోనే వదిలేసి ప్రొపేన్ దగ్గర ఆగడమే మేలు. ఎంత వేరుచేయగలం అనే ప్రశ్న కంటే ఎంత వేరుచేయడం అవసరం అనే ప్రశ్న ముందు రావాలి.

ఈ పనికి మనుషులు వాడిన పద్ధతుల చరిత్రలో ఆదా కథ స్పష్టంగా కనబడుతుంది. మొదట్లో తేలికపాటి నూనెను గ్యాసు మీద చల్లేవారు. నూనె బరువైన ఆవిర్లను పీల్చుకునేది. తర్వాత ఆ నూనెను కాచి వాటిని విడిపించాలి, మళ్లీ చల్లార్చాలి. కాచడం, చల్లార్చడం, మళ్లీ కాచడం. వేడినీళ్ల తొట్టె పద్ధతి లాంటిదే. ఆ తర్వాత ప్రొపేన్‌నే ఫ్రిజ్‌లో వాడే ద్రవంలాగా తిప్పి చలిచేసే పద్ధతి వచ్చింది. మరో దారి, ఒత్తిడిలో ఉన్న గ్యాసును సన్నని వాల్వు గుండా వదలడం. వ్యాకోచించిన గ్యాసు చల్లబడుతుంది. ఇది చాలా సులువు, కదిలే భాగాలుండవు. కానీ బావి ఉచితంగా ఇచ్చిన ఒత్తిడిని వాల్వులో పోగొట్టుకుంటున్నాం. వచ్చిన నీటిని టర్బైను మీద పోయకుండా నేరుగా రాళ్ల మీదికి దూకించినట్టు.

1960లలో టర్బో ఎక్స్‌పాండర్ గ్యాసు ప్లాంట్లలోకి వచ్చి ఈ కథను మార్చింది. వాల్వు స్థానంలో ఒక చక్రం పెట్టారు. గ్యాసు వ్యాకోచిస్తూ ఆ చక్రాన్ని తిప్పుతుంది. పని చేసిన గ్యాసు తన శక్తిని పోగొట్టుకుంటుంది కాబట్టి వాల్వులోకంటే చాలా ఎక్కువగా చల్లబడుతుంది. ఆ చక్రానికి అదే ఇరుసు మీద ఒక కంప్రెసర్‌ను బిగిస్తే బయటికి పోయే గ్యాసును కొంత అది నొక్కిపెడుతుంది. ఒకే ఒత్తిడి తగ్గింపుతో చలీ వచ్చింది, పనీ వచ్చింది. ఇంతకంటే అందమైన యంత్రం ఈ రంగంలో మరొకటి లేదని నేననుకుంటాను. 1970ల చివర్లో ఆర్ట్‌లాఫ్ కంపెనీ ఇంజినీర్లు మరో మెట్టు ఎక్కారు. వచ్చే గ్యాసును రెండు పాయలు చేసి, ఒక పాయను బాగా చల్లార్చి ద్రవంగా మార్చి, వాయువులను వేరుచేసే గోపురం పైనుంచి దించారు. ఆవిరైపోయే ఈథేన్, ప్రొపేన్‌లను ఆ ద్రవం కిందికి కడిగి తెస్తుంది. అంతే దిగుబడి, తక్కువ కంప్రెసర్ శ్రమ. ఆ తర్వాత వచ్చిన పద్ధతులు చాలావరకు ఈ పాయకు కొసరులే. ఆఖరి ఒకటి రెండు శాతం దిగుబడి కోసం బయటికి పోవలసిన గ్యాసును కొంత వెనక్కి తెచ్చి మళ్లీ నొక్కుతాయి. ఆ ఒకటి రెండు శాతానికి అయ్యే శ్రమ ముందటి తొంభై శాతానికి అయినంత తేలిగ్గా ఉండదు.

ఇంతవరకూ చలి. అసలు పెద్ద ఖర్చు వేరే ఉంది. వేరుచేశాక మిగిలిన మీథేన్ తక్కువ ఒత్తిడిలో బయటికి వస్తుంది. గొట్టంలో దూరం పోవాలంటే దాన్ని మళ్లీ ఎక్కువ ఒత్తిడికి నొక్కాలి. ఇందాకటి ఉదాహరణలోనే 25 బార్ల నుంచి 70 బార్లకు ఆ పందొమ్మిది పాళ్లనూ నొక్కడానికి మామూలు గ్యాసు టర్బైను కాల్చే ఇంధనాన్ని లెక్కిస్తే, ఆ ఒక పాలు ప్రొపేన్ పొయ్యిలో ఇచ్చే వేడిలో సుమారు పదోవంతు అవుతుంది. కాగితం మీద వేసిన లెక్క ఇది. భారమంతా ప్రొపేన్ నెత్తిన పెట్టాను, ఎక్స్‌పాండర్ వెనక్కిచ్చే పనిని కలపలేదు. అయినా ఎక్కడ వెతకాలో చెబుతుంది. మిగిలిన గ్యాసు కొనేవాడు పక్కనే ఉండి, అంత ఒత్తిడి అక్కర్లేదంటే ఈ ఖర్చులో చాలా భాగం ఎగిరిపోతుంది. ప్లాంటు లోపలి యంత్రం కంటే ప్లాంటు ఎక్కడ కట్టామన్నదే కొన్నిసార్లు ఎక్కువ ఇంధనాన్ని ఆదా చేస్తుంది.

ఆ టర్బైను పొగగొట్టంలోంచి 500 డిగ్రీల దరిదాపు వేడిగాలి పోతుంది. కాల్చిన ఇంధనంలో మూడోవంతే పనిగా మారుతుంది, తక్కినది అటే పోతుంది. ఇంకోవైపు అదే ప్లాంటులో గోపురాల అడుగున ద్రవాలను కాచడానికి వేరే కొలిమి మండుతుంటుంది. టర్బైను వేడిగాలితో నూనెను కాచి, ఆ నూనెతో గోపురాలనూ, గ్యాసును ఆరబెట్టే గదులనూ వేడిచేస్తే ఆ కొలిమిని ఆర్పేయవచ్చు. ఎక్కడి వేడిని ఎక్కడికి మళ్లించాలో లెక్కగట్టే పద్ధతిని బోడో లిన్‌హాఫ్, ఆయన సహచరులు 1970ల చివర్లో రూపొందించారు. పించ్ విశ్లేషణ అని దానికి పేరు. దాదాపు యాభై ఏళ్లయినా, ఉన్న ప్లాంటుకు దాన్ని వర్తింపజేస్తే ఇప్పటికీ ఏదో ఒక దుబారా బయటపడుతుంది.

మన దేశానికి వర్తించే ఒక ఆదా ఉంది. బండలో మనకు ప్రొపేన్, బ్యూటేన్ కలిపే ఇస్తారు. దేశంలోని గ్యాసు ప్లాంటు వంటింటికోసమే పనిచేస్తుంటే ఆ రెంటినీ విడదీసే గోపురం అక్కర్లేదు. దిగుమతి సరుకు కథ వేరు. గల్ఫ్‌లో వాటిని విడదీసి, ఒక్కోదాన్ని దాని మరుగు వేడికి చల్లార్చి, ఓడల్లో పంపుతారు. ఇక్కడికొచ్చాక వేడిచేసి, కలిపి, నిలవచేస్తాం. అక్కడ శ్రమపడి చేసిన చలిని ఇక్కడ రేవులో వదిలేస్తున్నాం. ఆ చలిని శీతల గిడ్డంగులకో, ఐసు ఫ్యాక్టరీలకో అప్పగించే ఏర్పాటు రేవుల పక్కన ఆలోచించదగ్గది. చేపల రేవులున్న తీరం మనది.

గ్యాసుతోపాటు వచ్చిన చలిని వాడుకున్న మంచి ఉదాహరణ గుజరాత్‌లో ఉంది. దహేజ్ రేవులో ఖతార్ నుంచి వచ్చే ద్రవీకృత సహజవాయువులోంచి ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్‌లను తీయడానికి ఓఎన్‌జీసీ ఒక ప్లాంటు కట్టింది. అక్కడ వచ్చే సరుకే సున్నాకు 160 డిగ్రీల దిగువన ఉంటుంది. కొత్తగా చలి చేయనక్కర్లేదు. పైగా ద్రవంగా ఉండగానే పంపుతో ఒత్తిడి పెంచవచ్చు. ద్రవాన్ని తోయడానికి పట్టే శ్రమ, ఆవిరిని నొక్కడానికి పట్టే శ్రమలో చిన్న భాగం. అయితే 2028 నుంచి మొదలయ్యే కొత్త ఒప్పందంలో ఖతార్ ఆ బరువైన వాయువులను తీసేసిన పలుచని గ్యాసును పంపబోతోంది. వేరుచేసే పని ఖతార్‌కు మారుతుంది. ఈథేన్ ప్రత్యేక ఓడల్లో రావలసి ఉంటుంది. మంచి ప్లాంటు కట్టినంత మాత్రాన సరిపోదు, దానికి తిండి పెట్టే ఒప్పందం కూడా అంతకాలం ఉండాలి.

తెలుగు నేల మీది సంగతికి వస్తే, గ్యాసు మనకు రెండు రకాలుగా దొరికింది. కోనసీమ భూమి కిందా తీరం దగ్గరా ఉన్న క్షేత్రాల్లో గ్యాసుతోపాటు కండెన్సేట్ అనే తేలిక నూనె వస్తుంది. దాన్నీ ముడిచమురునూ శుద్ధిచేయడానికి ఓఎన్‌జీసీ 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీని నెలకొల్పింది. సముద్రం లోపల 2002లో కనుగొని 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టిన కేజీ డీ6 గ్యాసు ఇంకో రకం. అది దాదాపు పూర్తిగా మీథేనే. గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరి కాకినాడ నుంచి భరూచ్ దాకా గొట్టంలో పోయిన ఆ గ్యాసులో వంటగ్యాసుకు పనికొచ్చే పాలు లేనట్టే. మన తీరంలో ఇంత గ్యాసు దొరికింది కదా, మన బండ ధర ఎందుకు తగ్గలేదని అడిగేవాళ్లకు జవాబులో ఒక భాగం ఇక్కడుంది. డీ6 నుంచి వచ్చింది కరెంటుకూ ఎరువులకూ పనికొచ్చే గ్యాసు. బండలోకి వచ్చే గ్యాసు కాదు.

కోనసీమ గురించి రాస్తూ నగరం సంగతి రాయకుండా దాటలేను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే గెయిల్ గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరితోటలు మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీళ్లూ కండెన్సేట్ కలిసిన తడి గ్యాసు పోవడం, అది గొట్టాన్ని లోపలినుంచి తినేయడం కారణమని దర్యాప్తులో తేలింది. గ్యాసును ఆరబెట్టడం, అందులోని ద్రవాలను తీసేయడం అంటే ఈ వ్యాసం మొత్తం చెబుతున్న పనే. ఆరబెట్టడానికి వేడి కావాలి. గ్లైకాల్‌ను 200 డిగ్రీల దగ్గర కాచాలి, లేదా తేమ పీల్చే గుళికల్ని అంతకంటే వేడిగాలితో ఆరబెట్టాలి. లెక్కల పుస్తకంలో అది ఖర్చుగా కనబడుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడాన్ని ఎవరూ ఆదా అనకూడదు. ఆరబెట్టే పనినే తక్కువ ఇంధనంతో చేయడం ఆదా. వేడి గ్లైకాల్ తన వేడిని చల్లని గ్లైకాల్‌కు ఇచ్చేలా చూడటం, అవసరమైనదానికి మించి దాన్ని తిప్పకపోవడం, గ్యాసుతో నడిచే పంపు బదులు కరెంటు పంపు పెట్టడం, ఆ గ్లైకాల్‌లో కరిగిన మీథేన్‌ను గాలిలోకి వదలకుండా పట్టి ఇంధనంగా వాడటం. ఈ చివరిదానికి రెండు లాభాలు. ఇరవై ఏళ్ల కాలానికి లెక్కిస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

పాత క్షేత్రాలలో అన్నిటికంటే పెద్ద దుబారా ఎవరికీ పట్టని చోట జరుగుతుంది. ప్లాంటును నిండు ప్రవాహానికి కడతారు. బావి ముసలిదవుతుంది. ప్రవాహం సగానికి పడిపోతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. కానీ కంప్రెసర్‌కు ఒక కనీస ప్రవాహం ఉండాలి, అంతకు తగ్గితే అది అదిరిపోయి దెబ్బతింటుంది. దాన్ని కాపాడటానికి నొక్కిన గ్యాసునే వెనక్కి తెచ్చి మళ్లీ దాని నోట్లో పోస్తారు. ఒకే గ్యాసును పదేపదే నొక్కడానికి ఇంధనం కాలుతూ ఉంటుంది. ఎక్స్‌పాండర్ చక్రం కూడా తనకు తగిన ప్రవాహం లేక సామర్థ్యం పోగొట్టుకుంటుంది, ఒక్కోసారి దాన్ని పక్కనపెట్టి వాల్వుతోనే కాలం గడుపుతారు. గోపురాలలో కడగడానికి పాత మోతాదులోనే ద్రవాన్ని కాస్తూ ఉంటారు, ఎందుకంటే మోతాదు రాసిన కాగితం పాతదే. దీనికి మందు కొత్త కనిపెట్టుడు కాదు. కంప్రెసర్ లోపలి చక్రాలను ఇప్పటి ప్రవాహానికి తగ్గ చిన్నవిగా మార్చడం, వేగం మార్చుకునే మోటార్లు పెట్టడం, రెండు సగం ఖాళీ ప్లాంట్ల గ్యాసును ఒకదానికి మళ్లించి రెండోదాన్ని ఆపేయడం, గోపురం మోతాదును ఏటా తిరిగి రాయడం. పత్రికల్లో వార్తగా రావు గానీ, దేశంలోని పాత గ్యాసు ప్లాంట్లలో ఎక్కువ ఇంధనం మిగిల్చేవి ఇవేనని నేను నమ్ముతున్నాను. గోపురం మధ్యలో గోడ కట్టి రెండు గోపురాల పనిని ఒకదానితో చేయించే పద్ధతి మూడోవంతు దాకా వేడిని ఆదా చేయగలదని అంటారు, నిజమే. కానీ అది కొత్త ప్లాంటు కట్టేవాడికి అందే ఆదా. పాతవాడికి పాత చక్రం మార్చడమే దగ్గరి దారి.

కొలత లేనిదే ఏ ఆదా నిలవదు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, 2002 మార్చిలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. పరిశ్రమలకు లక్ష్యాలు పెట్టి, మించి ఆదా చేసినవారికి అమ్ముకోదగ్గ పత్రాలిచ్చే పథకం 2012లో మొదలైంది. శుద్ధి కర్మాగారాలు 2016లో ప్రారంభమైన రెండో విడతలో అందులో చేరాయి. రిఫైనరీల మధ్య పోలికకు ఎం.బి.ఎన్. అనే ఒక అంకె ఎప్పటినుంచో ఉంది, రిఫైనరీ సంక్లిష్టతను లెక్కలోకి తీసుకుని బ్యారెల్‌కు ఎంత ఇంధనం కాలిందో అది చెబుతుంది. గ్యాసు వేరుచేసే ప్లాంట్లకూ అలాంటిది ఒకటి కావాలి: కిలో వంటగ్యాసుకు ఎంత ఇంధనం, ఎంత కరెంటు, ఎంత గాలిలోకి వదిలిన గ్యాసు. సామాన్యుడు చదువుకోగల భాషలో, ఏటా, ప్లాంటువారీగా. దిగుమతి ఒప్పందాలలోనూ అదే అంకె అడగాలి. ఏటా సుమారు 2 కోట్ల టన్నులు కొనే దేశం అడిగితే అమ్మేవాడు చెప్పక తప్పదు.

సరుకు దారిలో కూడా కొన్ని మంచి పనులు జరిగాయి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర, సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల దిగువన రాతిలో తొలిచిన గుహలో 60 వేల టన్నుల వంటగ్యాసు నిలవచేస్తున్నారు. 2007లో అది పని మొదలుపెట్టింది. చుట్టూ రాతిలోని నీటి ఒత్తిడే ద్రవరూపంలోని గ్యాసును బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది, చలియంత్రాల అవసరం లేదు. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు 2004 నుంచే వంటగ్యాసు గొట్టం ఉంది. కర్ణాటకలో మంగళూరు నుంచి హాసన్, మైసూరు మీదుగా బెంగళూరు దగ్గరి సోలూరు దాకా ఇంకొకటి ఉంది. లారీ ఘాటు ఎక్కి దిగడం కంటే గొట్టంలో ద్రవాన్ని తోయడం ఎంతో చవక. చివరి మెట్టు మాత్రం లారీదే. బెంగళూరు హైదరాబాదు రహదారి మీద బాగేపల్లి దాకా, అక్కడినుంచి పాతపాళ్య దాకా.

ఇక పొయ్యి. 14.2 కిలోల బండలో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుకు సమానం. భారతీయ ప్రమాణం ప్రకారం గ్యాసు పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. కొత్త పొయ్యిలోనే మూడోవంతు గాలిపాలు. మసిపట్టిన, రంధ్రాలు పూడిన బర్నరు ఇంకా ఎక్కువ పోగొడుతుంది. మంట పసుపు రంగులో ఉంటే అది కనిపిస్తున్నట్టే. గల్ఫ్‌లోనో గుజరాత్‌లోనో ఇంజినీర్లు ఏళ్లు శ్రమపడి మిగిల్చిన ఒకటి రెండు శాతాన్ని మన ఇంట్లో బర్నరు కడగకపోవడం ఒక్క నెలలో మింగేస్తుంది. పప్పు రాత్రి నానబెట్టడం, మూత పెట్టడం, రాగిసంగటి ఎసరు మరిగాక మంట తగ్గించడం మా ఊళ్ల ఆడవాళ్లకు కొత్తగా నేర్పవలసినవి కావు. వాళ్లకు అందవలసింది మంచి పొయ్యీ, దాన్ని బాగుచేసే మనిషీ.

బాగేపల్లి ప్రాంతానికి ఈ ప్రశ్నలో సొంత అధ్యాయం ఉంది. 1977 నుంచి ఇక్కడ పనిచేస్తున్న ఆడాట్స్ సంస్థ, కూలీ సంఘం కలిసి గోబర్ గ్యాసు పథకం ఒకటి చేపట్టాయి. ఒక్కోటి 2 ఘనపు మీటర్ల చొప్పున 5,500 ప్లాంట్లు. 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వారి పరిశుభ్ర అభివృద్ధి యంత్రాంగం కింద అది నమోదైంది. అప్పటికి ఇది కోలారు జిల్లా, చిక్కబళ్లాపుర జిల్లా 2007లో వేరుపడింది. కట్టెల పొగ నుంచి తప్పించుకున్న ఇంటి లెక్క కర్బన పత్రంగా మారి విదేశంలో అమ్ముడైంది. ఇక్కడ చలి అక్కర్లేదు, కంప్రెసర్ అక్కర్లేదు, గొట్టం పెరటి నుంచి వంటింటిదాకే. రోజూ 50 కిలోల పేడ వేస్తే వచ్చే 2 ఘనపు మీటర్ల గ్యాసు సుమారు 860 గ్రాముల వంటగ్యాసుతో సమానం. పదహారు పదిహేడు రోజులకు ఒక బండ పెరట్లోనే తయారైనట్టు. మిగిలిన ముద్దనీళ్లు పొలానికి ఎరువు.

అయితే ఇక్కడా పాత క్షేత్రాల కంప్రెసర్ కథే ఎదురవుతుంది. 50 కిలోలకు కట్టిన గుంతకు 20 కిలోల పేడే పడితే అది అరకొరగా మండుతుంది, కొన్నాళ్లకు మూత పడుతుంది. కరువొచ్చి పశువులను అమ్ముకున్న ఇంటికి గుంత పరిమాణం మారదు. రెండు ఆవులున్న ఇంటికి రోజుకు 25 కిలోలకు మించి పేడ రాదు. ఆ ఇంటికి 1 ఘనపు మీటరు గుంత చాలు. కట్టించే ముందు ఇంటికి వచ్చి కొట్టంలో ఎన్ని పశువులున్నాయో లెక్కపెట్టి, వచ్చే ఎండాకాలం ఎన్ని ఉంటాయని ఆ ఇంటి ఆడమనిషిని అడిగి, దాన్నిబట్టి తవ్విన గుంతలే ఎక్కువకాలం మండుతాయి.